పోశన్న తయారుచేసిన మంత్రి

ఫిలిప్పీన్స్ దేశానికి ఒక మంత్రిని తయారుచేసింది జగిత్యాల దగ్గరి మనిషి అంటే ఎవరు నమ్ముతారు? దోహాలో సనయ్య అనే చోట ఉన్న కార్మికుల క్యాంపులో కూడా ఎవరూ నమ్మలేదు. పోశన్న మాత్రం, ఆ మనిషి ఇంకా మంత్రి కాకముందునుంచే, అతన్ని తయారుచేసింది తానేనని పన్నెండేళ్ళుగా చెప్తూ వచ్చాడు. గది మారినప్పుడల్లా కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటినుంచి చెప్పాల్సి వచ్చేది. అయినా విసుక్కోలేదు.

ఆ మంత్రి పేరు విల్‌ఫ్రెడో డిమకులాంగన్. అంత పేరు పలికే ఓపిక క్యాంపులో ఎవరికీ లేదు కాబట్టి విల్లీ అనేవారు. 2005లో, ఏషియన్ గేమ్స్ పనులు జోరుగా నడుస్తున్నప్పుడు, పోశన్న పరంజా కట్టే పనిలో ఉంటే విల్లీ అదే కంపెనీలో టైమ్‌కీపరు. అంటే ఏసీ పెట్టిన రేకుల క్యాబిన్‌లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి హాజరు కార్డులు అందుకునే ఉద్యోగం. ఎండలోకి ఆయన చెయ్యి మాత్రమే వచ్చేది.

ఆ సంవత్సరం మెస్సులో పప్పు నీళ్ళలా వస్తోందని గొడవ జరిగింది. కార్మికులే ఒక మెస్ లీడర్ని ఎన్నుకోండని కంపెనీ చేతులు దులుపుకుంది. విల్లీ నిలబడ్డాడు. ఫిలిప్పీన్స్ వాళ్ళు నలభై మంది, నేపాల్ వాళ్ళు అరవై మంది, మన తెలుగువాళ్ళు తొంభైకి పైనే. లెక్క చూస్తే విల్లీ నిలబడకముందే ఓడిపోయాడు.

పోశన్న అతన్ని పక్కకు పిలిచాడు. పోశన్నకు ఎన్నికలు తెలుసు. ఊళ్ళో ఇద్దరు సర్పంచుల వెంట జెండా పట్టుకుని తిరిగాడు, తానూ వార్డు మెంబరుగా నిలబడి మూడు ఓట్లతో ఓడిపోయాడు. ఆ మూడు ఓట్లు ఎక్కడ పోయాయో ఆరు నెలలు ఆలోచించాక గల్ఫ్ విమానం ఎక్కాడు. అంత ఆలోచించినవాడికి ఎన్నికలు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి?

వాళ్ళిద్దరి మధ్య మాటలు సగం హిందీ, పావు అరబ్బీ, తక్కినవి చేతి సైగలు. వాటిని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా నడిచాయి.

"నువ్వు రూముకు పోతే ముందుగాల ఏం చేస్తవ్?" పోశన్న అడిగాడు.

"ఓటు అడుగుతాను."

"గందుకే ఓడిపోతవ్. ముందుగాల మనిషి పేరు అడగాలె. పేరు తెల్సుకొని, పెద్దోడైతే అన్నా అనాలె, చిన్నోడైతే తమ్మీ అనాలె. భుజం మీద చెయ్యెయ్యాలె. ఓటు సంగతి ఎత్తనే వద్దు."

"తర్వాత?"

"వాళ్ళు ఏదో అడుగుతరు. మంచం కావాలంటరు, ఏసీ సల్లగ లేదంటరు. కాయితం మీద రాసియ్యుమను. ఇచ్చిన కాయితం రెండు చేతులతోటి తీస్కోవాలె. నిలబడి మొత్తం చదువాలె. చదివి దాని మీదనే పెన్నుతోటి రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాలె. కాదు అనే మాట నోట్లకెళ్ళి రావద్దు."

విల్లీ తల గోక్కున్నాడు. "ఆ పని నా చేతిలో లేదు కదా భాయ్."

"పని నీ చేతుల ఎందుకుండాలె? పెన్ను ఉంటె చాలు."

విల్లీ తెలివైనవాడు. వారం రోజుల్లో రెండువందల పేర్లు నేర్చుకున్నాడు. ఓట్లు లెక్కపెడితే నేపాల్ గదులు కూడా అతనికే పడ్డాయి. పప్పు రెండు నెలలు చిక్కగా వచ్చింది. మూడో నెల మళ్ళీ నీళ్ళయింది. కానీ అప్పటికి విల్లీ జేబునిండా సంతకం పెట్టిన కాగితాలున్నాయి కాబట్టి ఎవరూ అతన్ని తిట్టలేదు, కంపెనీనే తిట్టారు.

2007లో విల్లీ వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి సంగతులన్నీ పోశన్న ఫేస్‌బుక్కులో చూసినవే. ముందు తన పేటకు పెద్ద అయ్యాడు. మూడేళ్ళకు టౌన్ మేయరు. ఆ పైన వాళ్ళ పార్లమెంటు మెంబరు. ఒక పార్టీ మారాడు, ఇంకో పార్టీ మారాడు, మొదటి పార్టీలోకే మళ్ళీ వచ్చాడు. కొత్త ఫొటో వచ్చినప్పుడల్లా పోశన్న గదిలో అందరికీ ఫోను చూపించేవాడు.

"చూడుర్రి, ముసలామె చేతులకెళ్ళి కాయితం ఎట్ల తీస్కుంటుండో. రెండు చేతులు. నేను నేర్పిందే."

పక్క మంచం భూమేష్‌ది నిజామాబాద్ వైపు. వాడికి ఎవరి గొప్పా గిట్టదు. "ఓ పోశన్నా, అందర్ని గెలిపిచ్చినవ్ గని నీ మూడు ఓట్లు ఎటు పోయినయే?"

"నాకు నేర్పేటోడు లేకుండె గద."

2017లో విల్లీ క్యాబినెట్ మంత్రి అయ్యాడు. బయటి దేశాల్లో పనిచేసే తమ జనం బాగోగులు చూసే శాఖ ఆయనకిచ్చారు. ప్రమాణ స్వీకారం వీడియోలో ఆయన కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. దోహాలో యాభై డిగ్రీల ఎండలో ఇనుప కడ్డీలు భుజాన మోశానని, ఆ భుజాల మీదే ఈ రోజు దేశం బాధ్యత పెట్టిందని చెప్పాడట. క్యాంటీన్‌లో ఒక ఫిలిప్పీన్స్ వెల్డరు పోశన్నకు దాని అర్థం చెప్పి, ఇది నిజమేనా అని అడిగాడు.

పోశన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "కడ్డీలు మోసింది నిజమే. మోసింది నేను. ఆయన రాసుకున్నడు."

అతనికేమీ కోపం రాలేదు. మంచి పనివాడు ఇంకొకడి పనితనం చూసినట్టు చూశాడు.

కోపం రావడానికి అతని దగ్గర వేరే సంగతి ఉంది. ఆ ఎండాకాలం అయిపోయాక తెలంగాణలో ఊరూరా భూముల రికార్డులు సరిచేసే పని మొదలైంది. పోశన్న తండ్రి చనిపోయి ఆరేళ్ళయింది. ఐదెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. అన్న రాజనర్సు, తమ్ముడు పోశన్న చెరి సగం దున్నుకుంటున్నారు. దున్నుకోవడం వేరు, కాగితం వేరు. ఊరికి ఆఫీసర్లు వచ్చినప్పుడు ఆధార్ కార్డుతో మనిషి ఎదురుగా ఉండి సంతకం పెట్టాలి.

భార్య సునంద పంపిన వాయిస్ మెసేజిని పోశన్న నాలుగుసార్లు విన్నాడు. "మీ అన్న అంటుండు, తమ్ముడు దుబాయ్‌ల ఉన్నడు, అప్పటిదాక మొత్తం నా పేరు మీద ఎక్కిచ్చుకుంట, ఆడు అచ్చినంక ఆని సగం ఆనికి చేస్త అని. అచ్చినంక చేస్తడట. నువ్వే అర్థం చేస్కో. పదిహేను ఇరువై దినాలల్ల మన ఊరికి అస్తరట ఆఫీసర్లు."

పోశన్నకు అర్థమైంది. అన్న చెడ్డవాడు కాదు. కాగితం చేతికొచ్చాక ఎంతకాలం మంచివాడుగా ఉంటాడన్నదే తెలియదు.

వెళ్ళాలంటే ఖురూజ్ కావాలి. దేశం దాటడానికి కంపెనీ సంతకం పెట్టి ఇచ్చే అనుమతి కాగితం అది. పోశన్నకు సెలవు రావలసి రెండు నెలలు దాటింది. కానీ స్టేడియం పైకప్పు పని నడుస్తోంది. ప్రపంచకప్పు ఇంకా ఐదేళ్ళున్నా, కంపెనీ మటుకు ఆట రేపే మొదలవుతుందన్నట్టు ఉరుకుతోంది. హెచ్ఆర్‌లో రామకృష్ణారావు అని ఏలూరు ఆయన ఉన్నాడు. తెలుగాయన కదా అని పోశన్న వెళ్ళి నిలబడ్డాడు.

"చూడు పోశన్నా, నువ్వు చార్జ్‌హ్యాండువి. నీ కింద పద్దెనిమిది మంది పరంజా కడుతున్నారు. పైకప్పు అయ్యేదాకా ఎవర్నీ పంపొద్దని పైనుంచి ఆర్డరు. నా చేతుల్లో ఏముందయ్యా?"

"పది దినాలు సార్. భూమి పోతది."

"జనవరిలో చూద్దాం."

జనవరిలో చూడటానికి భూమి ఉండాలి కదా అని పోశన్న అనలేదు. గదికి వచ్చి పడుకున్నాడు.

ఆ వారమే క్యాంటీన్ గోడ మీద నోటీసు అంటించారు. ఫిలిప్పీన్స్ మంత్రి నవంబరులో స్టేడియం సైటు చూడటానికి వస్తున్నాడు. పోశన్న మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"భూమేషూ, విల్లీ అస్తుండురా. దరఖాస్తు పెడత."

భూమేష్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఆయన ఆళ్ళ మంత్రి. మనకేం పడతడే?"

"మంత్రంటే మంత్రే. మన కాడ ఎమ్మెల్యే పక్క నియోజకవర్గపోని కాయితం తీస్కోడా?"

"ఇది పక్క నియోజకవర్గం గాదే, పక్క సముద్రం."

"ఎక్కడైనా కంపెనీకి మంత్రి సంతకమంటె భయమే గద."

శుక్రవారం పోశన్న బస్సెక్కి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఉన్న లియాఖత్ అలీ టైపింగ్ సెంటరుకు వెళ్ళాడు. వీసా ఫారాలు, ఇళ్ళ అద్దె కాగితాలు టైపు చేసే హైదరాబాదీ ఆయన. పోశన్న కుర్చీ లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు. "మహారాజశ్రీ గౌరవనీయులైన మంత్రివర్యులు విల్లీ గారి దివ్యసముఖమునకు..."

లియాఖత్ అలీ కీబోర్డు మీంచి చేతులు తీశాడు. "భాయ్, ఇంగ్లీషుల ఇదంతా 'సర్' అనే అస్తది."

"మొత్తానికి ఒక్క ముక్కేనా?"

"ఒక్కటే."

"అయితే రెండుసార్లు కొట్టు."

దరఖాస్తులో ఏముందంటే, నేను మీ పాత మిత్రుణ్ణి, నా తండ్రి భూమి సమస్య ఉంది, పది రోజుల సెలవుకు ఖురూజ్ ఇప్పించమని ప్రార్థన. కింద ఉద్యోగి నెంబరు, కంపెనీ పేరు, పోశన్న సంతకం. మూడు కాపీలు తీయించాడు. మంత్రికి ఒకటి, మంత్రి పక్కనుండేవాడికి ఒకటి, పోగొడితే ఇవ్వడానికి ఇంకొకటి.

మంత్రి వచ్చిన రోజు చల్లగాలి వీస్తోంది. ఎండల గురించి మాట్లాడే పెద్దమనుషులంతా దోహాకు నవంబరు తర్వాతే వస్తారు. కంపెనీ అందరికీ ఉతికిన డ్రస్సులిచ్చింది, హెల్మెట్ల మీద పేర్ల స్టిక్కర్లు కొత్తగా అంటించింది. ఫిలిప్పీన్స్ వాళ్ళను ముందు వరసలో నిలబెట్టి, మిగతా దేశాలవాళ్ళను వెనకాల మంచినీళ్ళ ట్యాంకు దగ్గర నిలబెట్టారు. పోశన్న హెల్మెట్టు లోపల దరఖాస్తు మడత పెట్టుకుని ట్యాంకు పక్కన నిలబడ్డాడు.

విల్లీ లావయ్యాడు. జుట్టు నల్లగా ఉంది, మునుపటికంటే నల్లగా. మైకు పట్టుకుని అదే మాట చెప్పాడు. యాభై డిగ్రీల ఎండ, ఇనుప కడ్డీలు, ఈ భుజాలు. ముందు వరస మర్యాదగా చప్పట్లు కొట్టింది. వెనకనుంచి పోశన్న అందరికంటే గట్టిగా, అందరూ ఆపాక కూడా కొట్టాడు.

మంత్రి చప్పుడు వచ్చిన వైపు చూశాడు. పోశన్న చెయ్యెత్తి, "విల్లీ భాయ్, సనయ్య క్యాంప్. మెస్ ఎలక్షన్," అన్నాడు.

రామకృష్ణారావు అడ్డం వచ్చేలోపే మంత్రి వరస దాటుకుని వచ్చేశాడు. చేతులు చాపి, కౌగిలించుకుని, "పోసన్నా, మై బ్రదర్," అన్నాడు. భుజం మీద చెయ్యేశాడు. కెమెరాలు నాలుగు వైపులనుంచి మెరిశాయి. పోశన్నకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. గుర్తుపెట్టుకున్నాడు. పదేళ్ళయినా పేరు మర్చిపోలేదు.

అప్పుడే విల్లీ కళ్ళు తన నుదుటి పైన, హెల్మెట్టు స్టిక్కరు మీదనుంచి కిందికి దిగడం పోశన్న చూశాడు.

సరే, దరఖాస్తు తీసి ఇచ్చాడు. మంత్రి దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. నిలబడి మొత్తం చదివాడు. తల మూడుసార్లు ఊపాడు. పెన్ను తీసి కాగితం మీదనే రెండు ముక్కలు రాసి, కింద సంతకం, తేదీ పెట్టాడు. పక్కనున్న పీయే చేతిలో పెట్టి, పోశన్న భుజం తట్టి, "మాఫీ ముష్కిల్," అన్నాడు. ఏ ఇబ్బందీ లేదని. అంతే, వెళ్ళిపోయాడు.

పోశన్న ఆ పీయే వెనకాలే నాలుగడుగులు నడిచి ఆగాడు. అంత పద్ధతిగా తీసుకున్న కాగితం ఎక్కడికి పోతుందో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ సైటులో లేడు. ఆ రోజు ముందు వరసలో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళెవరూ మంత్రికి కాగితం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదని తర్వాత వెల్డర్ని అడిగితే, మాకు ఆయన తెలుసు కదా అన్నాడు.

భూమేష్ మాత్రం తన ఫోను తీశాడు. ఆ కౌగిలి ఫొటో కంపెనీ పేజీలోంచి తీసి, పోశన్న ఎప్పుడో తనను చేర్చిన వాళ్ళ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఒక్క మాటే రాశాడు: మంత్రి తోటి మన పోశన్న. ఏ మంత్రో, ఏ దేశమో రాయలేదు. రాసేంత తీరిక ఉన్న మనిషి కాదు.

మూడో రోజు రామకృష్ణారావు పిలిపించాడు. బల్ల మీద కొత్త జాకెట్టుంది, ఎర్ర రంగుది.

"ఏవయ్యా, మంత్రిగారు నీకంత క్లోజని ముందే చెప్పొచ్చుగా."

"చెప్పిన గద సార్. మీరు నవ్విర్రు."

"సర్లే. నువ్విప్పుడు వర్కర్ అంబాసిడరువి. వచ్చే వారం కార్మికుల బాగోగులు చూడ్డానికి యూరప్ నుంచి ఒక టీమొస్తోంది, ఆ తర్వాత ఇంకోటి. వాళ్ళొచ్చినప్పుడు నువ్వు ఈ జాకెట్టేసుకుని ముందు నిలబడాలి. బాగా నవ్వుతావు నువ్వు, ఫొటోలో చూశాం."

"నా ఖురూజ్ సార్?"

"ఇప్పుడెలా వెళ్తావయ్యా? ఇదివరకైతే పద్దెనిమిది మందికే కావాలి నువ్వు. ఇప్పుడు కంపెనీకే కావాలి."

పోశన్న జాకెట్టు తీసుకుని వచ్చాడు. యూరప్ టీము వచ్చింది. సెలవులు సమయానికి ఇస్తారా అని వాళ్ళలో ఒక ఆవిడ అడిగితే, రామకృష్ణారావు వైపు చూసి, "మాఫీ ముష్కిల్," అన్నాడు. ఆవిడ రాసుకుంది.

ఆ మరుసటి రోజే ఊళ్ళోకి ఆఫీసర్లు దిగారు. పోశన్న ఆ పూటంతా నలభై అడుగుల ఎత్తున పరంజా మీద ఉన్నాడు. జేబులో ఫోను ఒక్కసారీ మోగలేదు. కిందికి దిగి తానే చేశాడు, సునంద ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. ఐదెకరాలు అన్న పేరు మీద ఎక్కాయని అతను అప్పుడే ఖాయం చేసుకున్నాడు. ఆ రోజు అన్నం తినకపోతే, భూమేష్ తన పళ్ళెం కూడా పక్కకు పెట్టి కూర్చున్నాడు.

మర్నాడు, శుక్రవారం పొద్దున సునంద ఫోను చేసింది.

"పనయింది," అంది.

"ఏం పని?"

"భూమి. మన రెండున్నర ఎకరాలు మనకే రాసిర్రు."

పోశన్న ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "నేను లేకుంట ఎట్ల రాసిర్రు? అన్న ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నడు. గ్రూపుల ఫొటో చూసిండు గద. తెల్లారి ఇంటికచ్చి అర్రల కూసున్నడు. చాయ్ పోసిన. తాగినంక మెల్లగ అడిగిండు, గా పక్కనున్నది ఎవరమ్మా అని. మంత్రి బావా అన్న. ఏ మంత్రి అన్నడు. అక్కడి మంత్రి అన్న. అబద్ధమేం గాదు గద, ఫొటో అక్కడిదే."

"సునందా..."

"ఇను. తమ్ముని మీద చెయ్యేసిండు గద అన్నడు. ఆఁ, కలిసినప్పుడల్ల ఏస్తడు అన్న. గంతే. మన గంగాప్రసాద్‌కు ఆడ ఏదన్న నౌకరి చూడుమని చెప్తడా తమ్ముడు అని అడిగిండు. కొడుకు డిగ్రీ అయి కాలిగ తిరుగుతుండు గద. భూమి పని తేలనీ, చెప్తడు తియ్యి అన్న. ఆఫీసర్లు అచ్చిన్నాడు తానే నన్ను తోల్కపోయిండు, ఫోన్ ఇంట్లనే మరిచిన. తమ్ముని పాలు తమ్ముని ఇంటికే రాయిర్రి అని సంతకం పెట్టిండు."

పోశన్న నవ్వాలో ఏడవాలో తెలియక గోడకానుకున్నాడు. "అయితే నా పేరు ఎక్కిందన్నట్టు."

సునంద గొంతు తగ్గించింది.

"మనిషి ఎదురుంగ లేకుంటె పేరు ఎక్కదన్నరు. ఎదురుంగ నేనున్న. నా పేరు మీద రాసిర్రు."

"నీ పేరు మీద?"

"ఏమాయె? నేనేమన్న తిని పోతనా?"

"గట్ల గాదు."

"గట్లనే ఉంది నీ గొంతు. సరె, పాసుపుస్తకం చేతికి రానీకి ఇంక ఐదారు నెలలు పడతదట. అప్పటిదాక నువ్వు ఇటు దిక్కు రాకు."

"రాకుడేంది? సెలవు కోసరం రెండు నెలల సంది కాళ్ళరుగంగ తిరుగుతున్న."

"అస్తే బావ అడుగుతడు. ఎవరా మంత్రి, ఎంత దగ్గర, నా కొడుకు పని ఏమాయె అని. నీకు అబద్ధమాడరాదు. మొకం మీదనే తెలుస్తది. ఆయన పోయి ఆఫీసుల అడ్డం పడితె మల్ల మొదటికత్తది. ఫోన్‌ల అయితె నేను చెప్పుకుంట. నువ్వు ఆడనే ఉండు, మంచిగ తిను."

ఆదివారం పొద్దున రామకృష్ణారావు స్వయంగా సైటుకు వచ్చాడు. చేతిలో కవరు. మంత్రి రాసిన కాగితం పీయే చేతిలోంచి వాళ్ళ ఎంబసీకి పోయిందట. ఎవరో చదివి, ఇతను మన మనిషి కాదని తెలుసుకుని, అయినా మంత్రి రాశాడు కాబట్టి పారేయలేక, పై కవరు పెట్టి కంపెనీకే పంపారట. కంపెనీ పెద్దాయన మంత్రి సంతకం చూసి, ముందు పంపించేయండి అన్నాడట.

"తీసుకో. ఖురూజ్. పది రోజులు. ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నాడు రామకృష్ణారావు. ఇచ్చింది తానే అన్నట్టు నవ్వాడు.

పోశన్న కాగితం తీసుకుని చూశాడు. అరబ్బీలో తన పేరు, పక్కన నెంబరు, కింద గుండ్రటి ముద్ర. విల్లీ నిజంగానే చేశాడు. పాపం, తాను రాసింది నిజంగా జరుగుతుందని విల్లీ కూడా అనుకుని ఉండడు.

చాలాసేపు చూసి, మడతపెట్టకుండా తిరిగి ఇచ్చేశాడు. "నాకద్దు సార్. క్యాన్సిల్ చేయిర్రి."

"ఏవిటి?"

"పోను సార్. ఎండకాలం దాటినంక చూస్త."

రామకృష్ణారావు కాగితం వైపు, పోశన్న వైపు మార్చి మార్చి చూశాడు. "పద్నాలుగేళ్ళ సర్వీసులో ఖురూజ్ తిప్పిచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా. మంత్రి చెప్పిందాన్ని క్యాన్సిల్ చేస్తే నన్నడుగుతారు పైన. ఫారం నింపాలి. కారణం ఏం రాయను?"

పోశన్న హెల్మెట్టు తీసి తల గోక్కున్నాడు. పైన పరంజా మీదనుంచి అతని మనుషులు, పైపులు ఎప్పుడు పంపిస్తావని కేకేస్తున్నారు.

"ఊళ్ళె భూమి సమస్య అని రాయిర్రి సార్."

"వెళ్ళడానికీ అదే కారణం రాశావు కదయ్యా."

"అవ్ సార్," అని పోశన్న హెల్మెట్టు పెట్టుకున్నాడు. "గప్పుడు పోకుంటె భూమి పోతుండె. గిప్పుడు పోతె పోతది."

రామకృష్ణారావుకు ఏమీ అర్థం కాలేదు. అయినా జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని పైపుల మీద పెట్టి, అలాగే రాసుకున్నాడు.